ఏటా రెండు వారాలు

మా అమ్మాయి పట్టుబట్టగా ‘క్రాష్ ల్యాండింగ్ ఆన్ యూ’ అనే కొరియా ధారావాహిక పదహారు భాగాలూ చూశాను. 2019 డిసెంబరులో మొదలై, మరుసటి ఫిబ్రవరిలో ముగిసిన ప్రేమకథ అది. పారాగ్లైడింగ్ చేస్తూ సుడిగాలికి చిక్కిన దక్షిణ కొరియా సంపన్నురాలు యూన్ సెరి సరిహద్దు దాటి ఉత్తరాన పడుతుంది. అక్కడి సైనికాధికారి రి జంగ్ హ్యక్ ఆమెకు ఆశ్రయమిస్తాడు.

పల్లె సన్నివేశాలు నన్ను నిజంగా ఆకట్టుకున్నాయి. సోదాలకు భటులు వచ్చినప్పుడు కిమ్చీ దాచే నేలమాళిగలో సెరి నక్కడం, విద్యుత్తు లేక రైలు రాత్రంతా పొలాల మధ్య నిలిచిపోతే ప్రయాణికులు చలిమంటలు వేసుకోవడం మరువలేను. కథ సియోల్ చేరాక తుపాకులు, ఆస్తి తగాదాలు, ఆసుపత్రి కన్నీళ్లు! చివరికి ప్రేమికులిద్దరూ ఏటా రెండు వారాలు స్విట్జర్లాండులో కలిసి ఉంటారు.

నా నిరాశ అక్కడే. అతని తండ్రికి ఉన్నత పదవి, ఆమెకు అపార ధనం ఉన్నాయి గనుక ఆ రెండు వారాలు దక్కాయి. 1953 యుద్ధ విరమణ రేఖకు ఇరువైపులా చిక్కుకున్న సామాన్యుల మాటేమిటి? 1983లో కె.బి.ఎస్. టెలివిజన్ తప్పిపోయిన బంధువుల కోసం 138 రోజులు ప్రత్యక్ష ప్రసారం చేస్తే, పది వేలకు పైగా కుటుంబాలు కలుసుకున్నాయి. అవీ రేఖకు దక్షిణాన ఉన్నవారివే. 2018 ఆగస్టులో కుమ్‌గాంగ్ పర్వతం వద్ద ఇరుదేశాల వృద్ధులకు లభించినవి కొద్ది గంటలు. ఆ తరువాత అటువంటి కలయిక జరగనే లేదు.

“కథే కదా, అబ్బా!” అంది మా అమ్మాయి.

కథే. అయినా ఆ స్విస్ కొండలు చూస్తున్నంతసేపూ, బస్సు అద్దానికి ఇటు ఒక అరచేయి, అటు ఒక అరచేయి ఆనించి వీడ్కోలు పలికిన ఆ వృద్ధుల ఛాయాచిత్రాలే నా కళ్లముందు మెదిలాయి.