మూగజీవిపై లేచిన చేయి

ఇల్లాలిపై కోపము వచ్చినప్పుడు ఆమె నేమియు ననక, ఆమె ప్రేమతో సాకుచున్న దూడను గొడ్డును బాదినట్లు బాదు పురుషులను మనము చూచియే యుందుము. ఇరుగుపొరుగువారు “పోనిండు, పశువుతో పోయినది గదా” యని నిట్టూర్తురు. మేమును ఒకప్పుడట్లే తలచితిమి. కాని దెబ్బ దూడకు తగిలినను, దాని యర్థము ఇల్లాలికే చేరుచున్నది. “రేపు నీ వంతు” అనుటయే ఆ యర్థము.

అమెరికా దేశపు న్యాయస్థానము లీ సంగతిని గ్రహించుటకు చాల కాలము పట్టినది. 1998లో ఆస్కియోన్ అను పండితుడు యూటా రాష్ట్రమున భర్తల హింసకు తాళలేక శరణాలయము చేరిన 38 మంది స్త్రీలను విచారించి, ఫలితములను ప్రకటించెను. వారిలో పెంపుడు జంతువులు గలవారిలో నూటికి 71 మంది, తమ పురుషుడు ఆ జంతువును బాధించెననియో, చంపెననియో, అట్లు చేయుదునని బెదరించెననియో చెప్పిరి. దాని గతి యేమగునోయని యిల్లు విడుచుటకు జంకినవారును అందు గలరు.

“ఇన్ని బాధలు పడుచు ఏల వెడలిపోవైతివి?” అని ఇట్టి స్త్రీని లోకము ప్రశ్నించును. పురాణములు చదువుకొనిన మాకు ధర్మరాజు జ్ఞప్తికి వచ్చుచున్నాడు. వెంటవచ్చిన శునకమును విడిచి స్వర్గమునకైన రానన్న యా మహానుభావుని మనము కొనియాడుదుము. అదే పని యొక యిల్లాలు చేసినచో అవివేక మందుమా?

మెయిన్ రాష్ట్రము 2006లో దీనికి మార్గము చూపెను. భార్యకిచ్చు రక్షణోత్తర్వులోనే ఇంటి జంతువులను గూడ చేర్చు నధికారమును న్యాయాధిపతుల కొసగెను. పిమ్మట ముప్పదికి పైగా రాష్ట్రములు ఆ త్రోవనే నడచినవి. జంతువులతో వచ్చు స్త్రీలకు ఆశ్రయము కల్పించుటకై ధనసహాయ మొసగు శాసనము 2018లో దేశమంతటికి వచ్చెను.

ఇక మన దేశము మాట. 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము తొలి నేరమునకు 10 మొదలు 50 రూపాయల జరిమానా మాత్రమే విధించెను. 2024 జూలై 1 నుండి అమలునకు వచ్చిన న్యాయసంహితలో, జంతువును చంపుటకుగాని అంగహీనము చేయుటకుగాని అయిదేండ్లవరకు శిక్ష గలదు. 2005 నాటి గృహహింస చట్టమున జంతువుల మాట లేదు. అయినను, ఉత్తర్వులో పేర్కొనిన మరి యే చర్యనైనను నిషేధించు నధికారము ఆ చట్టము మేజిస్ట్రేటున కిచ్చినది. కావున అర్జీలో ఆవునో కుక్కనో గూర్చి స్పష్టముగా వ్రాయించి, దానికి హాని చేయరాదను నుత్తర్వు కోరవచ్చును. పుట్టింటివా రిచ్చిన యావు స్త్రీధనమే యని చెప్పుకొనవచ్చును. పశువైద్యునిచే గాయములను వ్రాయించి యుంచుకొనినచో, ఆ కాగితము సాక్ష్యమునకు తోడగును.

పశువును కొట్టిన ప్రతివాడును భార్యను కొట్టునని మేమనము. కాని పొరుగింట మూగజీవి యరపు విన్నప్పుడు, “పశువుతో పోయినది” అని తలుపు వేసికొనక, ఏదో మిషపై వెళ్లి ఆ యింటి యిల్లాలిని పలుకరింపుడు. ఆమె చెప్పలేనిది ఆ జీవి ముందే చెప్పియుండవచ్చును.