రాయడం ఒకనాటి పని, కాయడం ఏళ్ల పని

ట్యాబ్లెట్‌ను అడ్డంగా తిప్పితే తెర కూడా అడ్డంగా మారిపోతుంది. పిల్లలకు అది ఆట, పెద్దలకు అలవాటైపోయిన సంగతి. కాని ఈ చిన్న సౌకర్యం వెనుక ఎందరి శ్రమ దాగి ఉందో ఆలోచించేవారు అరుదు.

పరికరం లోపల యాక్సిలరోమీటర్ అనే చిప్పు ఉంటుంది. అందులో కంటికి ఆననంత చిన్న సిలికాన్ ముక్క స్ప్రింగుల వంటి సన్నని ఆధారాల మీద వేలాడుతూ ఉంటుంది. పరికరం కదిలినా, వంగినా ఆ ముక్క పిసరంత జరుగుతుంది. ఆ మార్పును చిప్పు అంకెలుగా అందిస్తుంది. పరికరం నిశ్చలంగా ఉన్నా అది భూమ్యాకర్షణ ప్రభావాన్ని కొలుస్తూనే ఉంటుంది. అందుకే పైవైపు ఏదో, కిందివైపు ఏదో తెలుస్తుంది. చేయి జారి పడిపోతున్నప్పుడు మాత్రం ఈ కొలత సున్నాకు చేరువవుతుంది.

2003లో ఐబీఎం కంపెనీ థింక్‌ప్యాడ్ ల్యాప్‌టాప్‌లలో ఇటువంటి సెన్సర్‌ను హార్డ్ డిస్కు రక్షణకు వినియోగించింది. ముప్పావు మీటరు ఎత్తు బల్ల మీది నుంచి జారిన వస్తువు సుమారు 0.4 సెకనులో నేలను తాకుతుంది. ఆ రెప్పపాటులోనే డిస్కు హెడ్‌ను పక్కకు తప్పించి, సమాచారాన్ని కాపాడాలి.

అంకెలకు అర్థం చెప్పేదెవరు?

చిప్పు ఇచ్చేవి ఒట్టి అంకెలే. ఒక కంపెనీ లెక్క ఒక తీరు, మరొక కంపెనీది మరొక తీరు. వాటికి అర్థం చెప్పే చిన్న ప్రోగ్రామే డ్రైవర్. యంత్రానికీ, మనం వాడే ప్రోగ్రాములకూ నడుమ నిలిచే మూల భాగాన్ని కెర్నెల్ అంటారు. 1991లో ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన లైనక్స్ కెర్నెల్‌లో ఇటువంటి డ్రైవర్లు ఎన్నో ఉన్నాయి. దాని కోడ్‌ను ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు, పంచుకోవచ్చు.

తొలినాళ్లలో సెన్సర్ల డ్రైవర్లు తలోదారిగా ఉండేవి. వాటిని ఒక పద్ధతిలోకి తెచ్చేందుకు జొనాథన్ కామెరాన్ రూపొందించిన ఇండస్ట్రియల్ ఐఓ విభాగం 2009లో కెర్నెల్ ప్రయోగ విభాగంలో చేరింది. 2012లో దాని మూల భాగం ప్రధాన విభాగంలోకి మారింది. దీనివల్ల చిప్పు ఏ కంపెనీదైనా ప్రోగ్రాములకు ఒకే ప్రమాణంలో కొలత అందుతుంది.

అంతటితో పని ముగిసిందా? లేదు. ఒకే చిప్పును ఒక తయారీదారు నిలువుగా అతికిస్తాడు, మరొకరు పక్కకు తిప్పి, ఇంకొకరు బోర్డు వెనుకవైపు. డ్రైవర్‌లో తప్పేమీ లేకపోయినా తెర తలకిందులవుతుంది. దీనిని సరిదిద్దేందుకు మూడు వరుసలు, మూడు నిలువులు గల అంకెల పట్టికను ఇచ్చే ఏర్పాటు 2016లో వచ్చింది. ఆ అంకెలు సరైనవో కావో తేలాలంటే ఆ మోడల్ చేతిలో ఉన్నవారు పరీక్షించి చెప్పవలసిందే.

కొత్త కెర్నెల్ తొమ్మిది పది వారాలకొకసారి వెలువడుతుంది. లోపలి పద్ధతులు మారితే పాత డ్రైవర్లన్నిటినీ సవరించాలి. తయారీ ఆగిపోయిన చిప్పు చేతిలో లేకుండానే దాని డ్రైవర్‌ను దిద్దవలసిన సందర్భాలూ వస్తాయి. నిన్నటి వరకు నడిచిన ప్రోగ్రాము కెర్నెల్ మార్పు వల్ల ఆగిపోరాదన్నది టోర్వాల్డ్స్ నియమం. కనుక వచ్చిన ప్రతి మార్పునూ మెయింటెయినర్ చదవాలి, ప్రశ్నించాలి, అవసరమైతే వద్దనాలి.

ఏ భాగాన్ని ఎవరు చూస్తున్నారో తెలిపే జాబితా ఒకటి కెర్నెల్‌లోనే ఉంది. చూసేవారు లేని భాగానికి ఎదురుగా 'అనాథ' అన్న అర్థం వచ్చే మాట రాస్తారు. వాడేవారు, చూసేవారు కరవైన డ్రైవర్‌ను కొన్నాళ్లకు తొలగించడమూ జరుగుతుంది.

ఇది మన ఇళ్లకు సంబంధించని విషయమని అనుకోరాదు. సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్‌తో చదువుకునే పిల్లలు ఎందరో ఉన్నారు. కంపెనీ చేయి వదిలేసిన యంత్రం మరికొన్నేళ్లు పనికిరావాలంటే ఎక్కడో ఒకరు దాని డ్రైవర్‌ను కనిపెట్టుకుని ఉండాలి. కంప్యూటర్ చదువు చదివే మన యువతీ యువకులు ఇందులో పాలుపంచుకోవచ్చు. పాత యంత్రంలో కొత్త కెర్నెల్ వేసి చూసి, లోపం కనబడితే మోడల్ పేరుతో సహా స్పష్టంగా తెలియజేయడం కూడా సేవే.

కొత్త వస్తువు చేసినవారికి పేరు వస్తుంది. అది చెడిపోకుండా చూసేవారిని ఎవరూ తలచుకోరు. కాని వారు చేయి తీసేసిన నాడు ఆ వస్తువు మూలన పడుతుంది.