సిమెంటు పెట్టించుకున్న పన్ను జివ్వుమంటోందా?



పిప్పిపన్నుతో నెలల తరబడి అవస్థపడి, ఇంటిపనులు ఒక కొలిక్కి వచ్చాక, ఎలాగో తీరిక చేసుకుని పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్తాం. పుచ్చు తొలిచి సిమెంటు పెడతారు. 'అమ్మయ్య, ఒక పని అయింది' అనుకుంటూ ఇంటికొస్తాం. తీరా మర్నాడు పొద్దున్నే చన్నీళ్ళు పుక్కిలించేసరికి ఆ పన్నే జివ్వుమంటుంది. 'ఉన్న బాధ పోగొట్టుకోవడానికి వెళ్ళి కొత్త బాధ తెచ్చుకున్నావా?' అని ఇంట్లో పెద్దవాళ్ళు అననే అంటారు.

ఇలా వారం తిరక్కుండానే వచ్చి, 'డాక్టరుగారూ, ఈ పన్ను పీకేయండి, పీడ విరగడైపోతుంది' అనేవాళ్ళు నాకు తరచు తారసపడుతుంటారు. నొప్పిని పళ్ళబిగువున భరిస్తూ అసలు రానివాళ్ళు ఇంకొందరు. ఈ రెండూ పొరపాట్లే. ఎందుకో చెబుతాను.

పన్ను బయటికి రాయిలా కనిపిస్తుంది గాని అది ప్రాణమున్న వస్తువు. పైన పింగాణీలాంటి గట్టి పొర, ఎనామెల్. దాని కింద డెంటిన్ అనే పొర. అన్నిటికంటే లోపల, నరాలూ రక్తనాళాలూ ఉండే మెత్తని గుజ్జు. మనం వాడుకలో 'నరం' అనేది దీన్నే. డెంటిన్ నిండా కంటికి కనిపించని సన్నని గొట్టాలుంటాయి. ఒక చదరపు మిల్లీమీటరులోనే అవి వేల సంఖ్యలో ఉంటాయి. వాటిలో నీరులాంటి ద్రవం ఉంటుంది. చల్లదనం తగిలినప్పుడు ఆ ద్రవం కదలడం వల్ల నరానికి నొప్పి తెలుస్తుందని 1960లలో స్వీడన్ శాస్త్రజ్ఞుడు బ్రాన్‌స్ట్రోమ్ చేసిన పరిశోధనలు చూపించాయి. మనం 'జివ్వు'మంటోంది అనేది ఈ కదలికనే.

పుచ్చు తొలిచేటప్పుడు మిషను రాపిడికి వేడి పుడుతుంది. నీళ్ళు చిమ్ముతూ చల్లబరిచినా, నరానికి కాస్త అలజడి తప్పదు. పుచ్చు ఎంత లోతుగా ఉంటే అలజడి అంత ఎక్కువ. ఇక పెట్టే సిమెంటు సంగతి. పాతకాలపు వెండి సిమెంటు లోహం కాబట్టి వేడినీ చలినీ తొందరగా లోపలికి చేరవేస్తుంది. అందులో పాదరసం ఉండడంతో, 2013లో కుదిరిన మినమాటా ఒప్పందం తరువాత దాని వాడకం తగ్గుతూ వస్తోంది. ఇప్పుడు ఎక్కువగా పెడుతున్నది పంటిరంగు సిమెంటు. ఇది నీలిరంగు వెలుతురు తగిలి గట్టిపడుతుంది. గట్టిపడేటప్పుడు పిసరంత కుంచించుకుంటుంది. దానివల్ల కూడా కొందరికి కొన్నాళ్ళు జివ్వుమంటుంది.

కాబట్టి చల్లనిది తగిలినప్పుడు చురుక్కుమని, అది తీసేయగానే రెండు మూడు క్షణాల్లో సర్దుకుంటే కంగారు పడనక్కరలేదు. చాలామందికి రెండు వారాల్లో తగ్గిపోతుంది. లోతు పుచ్చయితే మరికొంత కాలం పట్టవచ్చు. చూడవలసిందల్లా, రోజు రోజుకీ తగ్గుతోందా లేదా అని.

రెండో రకం నొప్పి వేరు. నీళ్ళు తాగితే ఏమీ ఉండదు. అన్నం నమిలితేనే కలుక్కుమంటుంది. అంటే సిమెంటు ఒక వెంట్రుకవాసి ఎత్తుగా ఉందన్నమాట. ఇంజెక్షనుతో చెంప మొద్దుబారి ఉన్నప్పుడు 'కరవండమ్మా' అంటే మనకు సరిగ్గా తెలియదు. మొద్దు వదిలాకే ఆ పన్ను ముందుగా తగులుతున్నట్టు తెలుస్తుంది. దీన్ని ఓర్చుకుంటూ కూర్చోకూడదు. ప్రతి ముద్దకీ ఆ పంటిమీద దెబ్బ పడుతూనే ఉంటుంది. డాక్టరు రంగు కాగితం కరిపించి, ఎత్తున్నచోట కాస్త అరగదీస్తారు. అయిదు నిమిషాల పని. సాధారణంగా ఇంజెక్షను కూడా అక్కరలేదు.

మూడో రకమే అసలు జాగ్రత్త పడవలసినది. వేడి కాఫీ తాగాక నిమిషాల తరబడి సలుపు, ఏమీ తినకపోయినా పోటు, రాత్రి పడుకున్నాక మెలకువ వచ్చేంత నొప్పి. ఇది నరం దెబ్బతిన్నదనడానికి గుర్తు. అప్పుడు రూట్ కెనాల్ వైద్యం చేసి పన్ను నిలబెట్టుకోవచ్చు. ఆలస్యం చేయకపోతే సుమండీ!

ఒక పెద్దావిడకు కింది దవడపన్నుకి సిమెంటు పెట్టి, 'పుచ్చు లోతుగా ఉందమ్మా, నొప్పి ఎక్కువైతే రండి' అని చెప్పి పంపాను. నాలుగు నెలలకి చెంప వాచి వచ్చారు. 'రెండో వారంలో రాత్రిళ్ళు నిద్ర ఉండేది కాదమ్మా. అప్పుడే కోడలి పురుడు. ఇంటినిండా చుట్టాలు. ఏదో మాత్ర వేసుకుని నెట్టుకొచ్చాను. తరువాత దానంతటదే పోయింది. బాగుపడిందనే అనుకున్నా' అన్నారు.

బాగుపడలేదు. నరం చచ్చిపోయింది, అందుకే నొప్పి ఆగింది. ఈలోగా వేరు కొసన చీము పట్టింది. పన్ను నిలువునా చీలింది. తీసేయక తప్పలేదు. 'ఎక్కువైతే' అంటే ఎంతో నేను విడమరచి చెప్పి ఉండాల్సింది. అందుకే ఈ రోజు మీ అందరికీ చెబుతున్నాను. రాత్రి నిద్ర చెడగొట్టిన పంటినొప్పి మందు లేకుండా మాయమైతే, సంతోషించి ఊరుకోకండి. వెళ్ళి చూపించుకోండి.

ఇంట్లో చేసుకోగలిగినవి కొన్ని ఉన్నాయి. మొద్దు వదిలేదాకా ఏమీ నమలకండి, తెలియకుండానే బుగ్గ కొరుక్కుంటాం. కొన్నాళ్ళు ఫ్రిజ్ నీళ్ళు, ఐసు, పొగలు కక్కే కాఫీ మానండి. చెక్కలు, వక్కలు ఆ వైపు కొరకకండి. నొప్పిగా ఉందని బ్రష్ మాత్రం మానకూడదు, మెత్తటి బ్రష్‌తో తోముకోండి. జివ్వుమనే పళ్ళకోసం పొటాషియం నైట్రేట్ కలిపిన పేస్టు దొరుకుతుంది. అది పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. లవంగనూనెలో ముంచిన దూది గంటల తరబడి ఉంచినా, నొప్పి మాత్ర చిగురు దగ్గర దోపినా ఆ చోటు కాలి పుండవుతుంది. మాత్రలు మింగడానికే! గర్భిణీలు ఏ మాత్రయినా డాక్టరును అడిగే వేసుకోవాలి.

చెంప వాచినా, జ్వరం వచ్చినా ఆ రోజే వెళ్ళండి. నోరు తెరవడం, మింగడం, ఊపిరి తీసుకోవడం కష్టమైతే అర్ధరాత్రయినా సరే ఆసుపత్రికి వెళ్ళాల్సిందే.

చివరగా ఒక్క మాట. 'పెట్టించుకున్న నాలుగు రోజులకే మళ్ళీ వెళ్తే డాక్టరుకి వంక పెట్టినట్టుంటుందేమో' అని చాలామంది మొహమాటపడతారు. వంక కాదమ్మా, అది వైద్యంలో భాగమే. జాకెట్టు కుట్టించుకుని, చంక దగ్గర బిగుతుగా ఉంటే వెనక్కి తీసుకెళ్ళి సరిచేయించుకుంటాం కదా! జీవితమంతా అన్నం నమలవలసిన పన్ను కోసం ఆ మాత్రం మళ్ళీ గడప తొక్కలేమా?