మెనూలో లేకపోతే మెషిన్‌లో లేనట్టేనా?

లినక్స్ ల్యాప్‌టాప్‌లో కొత్త సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేస్తాం. పూర్తయిందని మెసేజ్ వస్తుంది. మెనూ తెరిస్తే మాత్రం ఐకాన్ ఉండదు. పక్కనున్నవాడి సలహా రెడీ: "ఫార్మాట్ కొట్టెయ్ రా!" ఉస్మానియా క్యాంపస్‌లోనూ, తార్నాక రూముల్లోనూ ఈ మాట చాలాసార్లు విన్నాను. ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్ మొత్తం అదే డిస్కులో ఉన్నప్పుడు ఆ సలహా ఎంత ఖరీదో చెప్పక్కర్లేదు. చాలాసార్లు సాఫ్ట్‌వేర్ ఎక్కడికీ పోదు. దాని పేరు చిట్టాకి ఎక్కలేదు, అంతే.

లైబ్రరీనే తీసుకోండి. కొత్త పుస్తకం అరలోకి వచ్చింది, కేటలాగ్‌లో మాత్రం రాయలేదు. వెతికేవాడికి ఆ పుస్తకం లేనట్టే. డెస్క్‌టాప్‌లోనూ ఇదే కథ.

ప్రతి అప్లికేషన్ తనతో పాటు ఒక చిన్న టెక్స్ట్ ఫైల్ తెస్తుంది. దాని పేరు చివర 'డాట్ డెస్క్‌టాప్' అని ఉంటుంది. అప్లికేషన్ పేరేమిటి, ఏ కమాండ్‌తో నడవాలి, ఐకాన్ ఏది, ఏ రకం ఫైళ్లు తెరవగలదు అన్నీ అందులోనే ఉంటాయి. మెనూలో తెలుగు పేరు కనిపించేది కూడా అందులోని ఒక లైను వల్లే.

ఇలాంటి ఫైళ్లు వందల్లో ఉంటాయి. మెనూ తెరిచిన ప్రతిసారీ అన్నీ చదువుతూ కూర్చుంటే పని సాగదు. అందుకే 1996లో మొదలైన కేడీఈ డెస్క్‌టాప్ వాటన్నిటి సారాన్నీ ఒకే బైనరీ ఫైల్‌లో పెట్టుకుంటుంది. దాని పేరు 'కేసైకోకా', అంటే సిస్టమ్ కాన్ఫిగరేషన్ క్యాష్. భాష మారిస్తే ఆ భాషకు వేరే చిట్టా కట్టుకుంటుంది.

అసలు చిక్కు ఇక్కడే. ఫైళ్లు మారాయని చిట్టాకి ఎలా తెలియాలి? ఒక దారి, ఫోల్డర్ల మీద కాపలా పెట్టడం. 2005 నుంచి లినక్స్ కెర్నెల్‌లో ఉన్న 'ఐనోటిఫై' ఇందుకు పనికొస్తుంది. రెండో దారి, తేదీలు పోల్చడం. చిట్టా కంటే ఫోల్డర్ కొత్తదైతే మళ్లీ కట్టాలి. ఇందులో ఒక మెలిక ఉంది. ఫైల్ చేర్చినా తీసేసినా ఫోల్డర్ తేదీ మారుతుంది. ఉన్న ఫైల్‌నే తెరిచి లోపల ఒక లైను మారిస్తే మారదు. కాబట్టి ఫోల్డర్ తేదీ ఒక్కటే చూస్తే చాలదు.

కొత్త చిట్టాని పాతదాని మీదే రాయరు. పక్కన పూర్తిగా రాసి, చివర్లో పేరు మారుస్తారు. దాంతో సగం రాసిన చిట్టా ఎవరి కంటా పడదు.

మా తార్నాక రూమ్‌లో ఒకడు మొదటిసారి ఫ్లాట్‌పాక్ పెట్టి, దాంతో ఒక యాప్ వేశాడు. మెనూలో రాలేదు. ఫ్లాట్‌పాక్ తన ఫైళ్లను వేరే ఫోల్డర్‌లో పెడుతుంది. ఆ ఫోల్డర్‌ని కూడా చూడమని డెస్క్‌టాప్‌కి తెలిసేది లాగిన్ అయ్యేటప్పుడే. లాగౌట్ చేసి వచ్చాడు, ఐకాన్ ప్రత్యక్షం!

మీకూ ఇలా జరిగితే ముందు టెర్మినల్‌లో కమాండ్ ఇచ్చి చూడండి. నడిచిందంటే సాఫ్ట్‌వేర్ ఉన్నట్టే. తర్వాత డాట్ డెస్క్‌టాప్ ఫైల్ ఉందో లేదో చూడండి. ప్లాస్మా 6 వాడేవాళ్లు 'కేబిల్డ్‌సైకోకా6' నడిపి చిట్టాని మళ్లీ కట్టించవచ్చు. అదీ కుదరకపోతే లాగౌట్. చిట్టా చెరిపేసినా నష్టం లేదు, అసలు ఫైళ్ల నుంచి మళ్లీ పుడుతుంది. మీ ప్రాజెక్ట్ అలా పుట్టదు. అందుకే ఫార్మాట్ జోలికి వెళ్లే ముందు ఈ ఐదు నిమిషాలు ఖర్చు పెట్టండి.