ఊరి గాలిలో నగరం వాటా

హైదరాబాదు నుండి విజయవాడకు పోయే రాజమార్గం మీద, నగరం పలచబడి పొలాలు మొదలయ్యే చోట అబ్దుల్లాపూర్‌మెట్ ఉన్నది. పట్నం విడిచి ఇక్కడికి వచ్చినవారు గుండెలనిండా గాలి పీల్చి, పల్లెగాలి గదా అని సంతోషించడం సహజమే. కాని ఓజోను విషయంలో ఈ నమ్మకం అన్నివేళలా చెల్లదు.

ఓజోను అనగానే విద్యార్థులకు సూర్యుని అతినీలలోహిత కిరణాలకు అడ్డుపట్టిన గొడుగు స్ఫురిస్తుంది. అది పది కిలోమీటర్లకు పైయెత్తున ఉన్న ఓజోను మాట. అదే వాయువు మన ముక్కుపుటాల ఎత్తున ఉంటే ఊపిరితిత్తులకు చేటు. ఆకుల రంధ్రాలలో దూరి పైరుకూ చేటు.

విచిత్రమేమంటే, దీనిని ఏ పొగగొట్టమూ కక్కదు. వాహనాలు, కార్ఖానాలు వదిలే నైట్రోజన్ ఆక్సైడులు, పెట్రోలు వంటి ద్రవాల ఆవిర్లు ఎండలో కలిసి ఉడికితే ఇది గాలిలోనే పుడుతుంది. లాస్ ఏంజిలిస్ పొగమంచును పరిశీలించి, 1952లో ఈ మర్మాన్ని వివరించినవాడు హాగెన్-స్మిట్. ఈ వంటకు గంటలు పడుతుంది. ఆలోగా గాలి కదలిపోతుంది. పైగా రద్దీ వీథులలో బండ్లు వదిలే నైట్రిక్ ఆక్సైడు అక్కడి ఓజోనును తానే హరిస్తుంది. అందువల్ల పొగ పుట్టిన కూడలిలో కంటె, గాలివాలున ఉన్న పల్లెలోనే అది హెచ్చుగా ఉండవచ్చును. పడమటి గాలి వీచే ఎండపూట, నగరానికి తూర్పువైపున ఉన్న ఇటువంటి ఊళ్లకు ఆ వాటా చేరకుండా అడ్డేముంది?

మరి ఈ ఓజోను ఎవరిదని తేల్చడం ఎట్లా? నేలమీది యంత్రం ఉన్నచోటి లెక్క చెబుతుంది గాని, వచ్చిన దారి చెప్పదు. యూరప్ శాస్త్రజ్ఞులు 1994లో 'మొజాయిక్' పథకం కింద ప్రయాణికుల విమానాలకే కొలత పరికరాలు అమర్చారు. 2006–2008 సంవత్సరాలలో అటువంటి విమానం హైదరాబాదులో దిగుతూ, ఎగురుతూ ఓజోనును, కార్బన్ మోనాక్సైడును పొరపొరగా కొలిచింది. ఆ అంకెలను మన శాస్త్రజ్ఞులూ పరిశీలించారు. ఈ రెండవ వాయువు సాక్షి వంటిది. రెండూ కలిసి పెరిగితే ఎక్కడో ఏదో మండిన జాడ. ఓజోను పెరిగి, ఇది తగ్గి, గాలి పొడిగా ఉంటే పై పొర నుండి దిగివచ్చిన జాడ. గాలి నడచిన బాటను వెనుకకు లెక్కకడితే అది ఉత్తరాది మైదానాల మీదుగా వచ్చినదో, సముద్రం మీదుగా వచ్చినదో తెలుస్తుంది.

2009లో మన దేశం నిర్ణయించిన ప్రమాణం ప్రకారం, ఎనిమిది గంటల సగటున ఘనపు మీటరు గాలిలో ఓజోను 100 మైక్రోగ్రాములు మించరాదు. ఈ హద్దు పల్లెకూ పట్నానికీ ఒకటే. కాని దానిని నిలుపుకొనే పని చాలావరకు అబ్దుల్లాపూర్‌మెట్ చేతిలో లేదు. నగరం తన బండ్లను, ఆవిర్లను అదుపు చేసుకోవలసి ఉన్నది. అందులోనూ ఒక చిక్కున్నది: ఆవిర్లను వదలి నైట్రోజన్ ఆక్సైడులను మాత్రమే కాస్త తగ్గిస్తే, హరించేది కరువై, నగరం నడుమ ఓజోను పెరగనూ వచ్చును.