చిన్న తెర, పెద్ద తెర

సికింద్రాబాదు ప్రాంతపు సంఘ కార్యాలయములలో గుమాస్తా బల్లమీది కంప్యూటరున ధరల పట్టిక చూచును; రైతు చేతిలోనిది ఫోను. ఇప్పుడు ఈ రెండవదే మొదటిదానిని దిద్దుచున్నది.

గూగులు సంస్థ 2016 నవంబరులో ఒక మార్పును ప్రకటించెను. అంతవరకు దాని వెదకు యంత్రము వెబ్‌సైటుల కంప్యూటరు రూపమును చదివి, ఏది ముందు ఏది వెనుక యని నిర్ణయించుచుండెడిది. ఈ మార్పుతో ఫోను రూపమునే చదువసాగెను. 2018 మార్చిలో అమలు విస్తరించి, 2023 అక్టోబరు నాటికి దాదాపు ముగిసెను. తనిఖీదారు గిడ్డంగి చిన్న వాకిటనే నిలిచి లెక్క వ్రాసికొన్నట్లు తలపుడు: అచటికి కనబడని బస్తా లెక్కకు రాదు. కంప్యూటరున వెదకువానికిని ఆ లెక్కయే.

అందుచే పెద్ద తెరపైనను ఒకే నిలువు వరుస, లావు అక్షరములు, ఇరుప్రక్కల ఖాళీ, మూడు గీతల గుర్తు చాటున సూచిక కానవచ్చుచున్నవి. వార్త చదువుటకిది సుఖమే. వరంగల్లు, ఖమ్మం మిరప ధరలను ప్రక్కప్రక్కన పోల్చవలసిన గుమాస్తాకు మాత్రము శ్రమ. ఇది గూగులు ఆజ్ఞ కాదు. చాలవఱకు ఖర్చు తగ్గించుకొనువారి పని. తెర వెడల్పును బట్టి ఒకే పుట అమరు పద్ధతిని ఈథన్ మార్కాట్ 2010లోనే వివరించెను.

మన సంఘములు వెబ్‌సైటు చేయించునపుడు ఫోను రూపమునుండి పట్టికను తొలగింపనీయరాదు. ప్రక్కకు జరుపుకొని చూచునట్లుంచవలెను. నొక్కిన పిదప మాత్రమే వచ్చు వివరములను ఆ యంత్రము నొక్కి తెప్పించుకొనదు. పెద్ద తెరపై పట్టికను పూర్తిగా పఱపించుడు. సొమ్ము చెల్లించుటకు ముందు రెండు తెరలమీదను చూడుడు.