క్యాబేజీ ఆకుకు ఏమైంది? మందు కొట్టే ముందు చూడండి!

మన హాస్టల్ వెనక మడుల్లో క్యాబేజీ, కాలీఫ్లవర్ వేసినాము. ఇప్పుడు ఆకులకు చిల్లులు పడ్డాయి, కొన్ని పసుపు అయినాయి. "మందు కొట్టాలె" అని చాలామంది అంటున్నారు. కానీ ఆ గడ్డలే రేపు మన పళ్లెంలోకి వస్తాయి. అందుకని ముందు ఆకును తిప్పి అడుగు భాగం చూడాలి.

1. డైమండ్ రెక్కల పురుగు: సన్నగా, లేత ఆకుపచ్చగా ఉంటది. ముట్టుకుంటే గిలగిల కొట్టుకొని దారం విడిచి కిందికి వేలాడుతది. ఆకు అడుగున గీకి తింటది, పైపొర అద్దం లాగా మిగులుతది. ఇది మందులకు తొందరగా అలవాటు పడుతుంది. డి.డి.టి.కి కూడా ఇది చావడం లేదని 1953లోనే ఇండోనేషియాలోని జావాలో గుర్తించారు.

2. పొగాకు లద్దె పురుగు: గుడ్లు గుంపుగా, పైన బూరుతో ఉంటాయి. పిల్ల పురుగులు ఒకే ఆకు మీద చేరి దానిని జల్లెడ చేస్తాయి. ఆ ఒక్క ఆకు తెంపి సబ్బు నీళ్లల్లో వేస్తే గుంపంతా పోతుంది.

3. పేనుబంక: బూడిద రంగు చిన్న పురుగులు రసం పీలుస్తాయి. ఆకు ముడుచుకొని బంకగా అవుతుంది. అక్కడ ఎర్రటి అక్షింతల పురుగు కనబడితే చంపకండి. అది పేనుబంకను తింటుంది.

4. నల్లకుళ్లు తెగులు: ఆకు అంచు నుండి లోపలికి 'వి' ఆకారంలో పసుపు వస్తుంది, ఈనెలు నల్లబడతాయి. ఇది బ్యాక్టీరియా వల్ల వస్తుంది. పురుగుమందు దీనికి పనిచేయదు. మొక్కను పీకి కాల్చాలి, ఎరువు గుంతలో వేయరాదు.

5. కింది ముదురు ఆకులు మొత్తం పాలిపోతే అది నత్రజని లోపం కావచ్చు. మాగిన పశువుల ఎరువు వేయాలి.

మా గూడెంలో ఒకసారి మా నాయన ఆకులు పసుపు అయినాయని చెప్తే ఒక దుకాణంలో ఆకు చూడకుండానే పురుగుమందు ఇచ్చిండ్రు. పైసలు పోయినాయి, పసుపు పోలేదు. డబ్బా మీద ఎర్ర త్రికోణం ఉంది. మా నాయనకు చదువు రాదు, సెలవులకు పోయినప్పుడు నేను చదివి చెప్పిన. ఎరుపు అంటే అన్నిటికన్నా ఎక్కువ విషం. తరువాత పసుపు, నీలం, ఆకుపచ్చ. రంగు చూడడానికి చదువు అక్కరలేదు కదా, మీరు కూడా ఇంట్లో చెప్పండి. మోనోక్రోటోఫాస్ మందును కూరగాయల మీద వాడరాదని 2005లోనే నిషేధించారు.

మరి ఏం చేయాలి? లీటరు నీళ్లకు 50 గ్రాముల వేపగింజల పొడి రాత్రి నానబెట్టి, పొద్దున వడకట్టి, కొంచెం సబ్బు కలిపి, సాయంత్రం ఆకు అడుగున తడిసేటట్టు కొట్టాలి. 25 వరుసల క్యాబేజీకి 2 వరుసల ఆవాలు వేస్తే డైమండ్ రెక్కల పురుగు ఆవాల మీద గుడ్లు పెడుతుంది.

వార్డెన్ మేడం గారూ, వచ్చేసారి మడి చుట్టూ ఆవాలు వేద్దాం. ఈసారికి రోజూ సాయంత్రం ఒక్కో తరగతి వాళ్లం ఒక్కో మడి చూసుకుంటాం. మందు మాత్రం తేకండి.

– 9వ తరగతి విద్యార్థిని, దూలపల్లి